అన్నయ్య వీధి తప్పించి

“నేను రాను” అంది మార్తీస్.

పొద్దున్నుంచీ ఆ ఇంట్లో తిరుగుతున్న మాట అదొక్కటే. విటోరిన్ అద్దం ముందు నిలబడి శిలువ గొలుసు మెడలో పెట్టుకుంటోంది. కొక్కెం పడటం లేదు. మామూలు రోజైతే కూతురు వెనకనుంచి వచ్చి పెట్టేది. ఇవాళ చెక్క బాల్కనీలో ముడుచుకుని కూర్చుని వీధిలోకి చూస్తోంది.

“రాకపోతే మానెయ్. కాబోయే అత్తగారు ఓడెక్కి ఇంత దూరం వస్తే, పిల్ల మూతి ముడుచుకుని ఇంట్లో కూర్చుందని చెప్తాను.”

“చెప్పు. ఆ నోటితోనే ఇంకోటి కూడా చెప్పు. మామయ్య మన గడప తొక్కి రెండేళ్ళయిందని చెప్పు.”

గొలుసు చేతిలోంచి జారి నేలమీద పడింది. విటోరిన్ వంగి తీసుకుంది. 

నెల కిందట మోరాగ్ ఫోన్ చేసినప్పుడు వచ్చిన చిక్కు ఇది. “పెళ్ళికూతురికి తండ్రి లేడు కదా వదినగారూ, చర్చిలో పీఠం దాకా చెయ్యి పట్టుకుని ఎవరు నడిపిస్తారు?” అని ఆవిడ మామూలుగానే అడిగింది. విటోరిన్ ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది. “మా అన్నయ్య చెన్సు లేడూ! పిల్లను ఎత్తుకుని పెంచిన మనిషి” అనేసింది.

ఎత్తుకుని పెంచిన మాట నిజమే. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి చెన్సు. మేనకోడలికి ఈత నేర్పడానికి వేసవంతా మధ్యాహ్నాలు సెలూను మూసేసేవాడు. నిజం అంతవరకే. మిగతాదంతా విటోరిన్ నోటి తొందర.

ఇప్పుడా మోరాగ్ రేవులో దిగబోతోంది. విమానమంటే ఆవిడకు చచ్చేంత భయం. స్కాట్లాండు నుంచి యాత్రికుల ఓడెక్కి, ఊరూరా ఆగుతూ వస్తోంది. ఓడ ఇక్కడ ఆగేది ఒక్క పగలు. ఆవిడ కొడుకు రోరీ రేవుకు అవతలి ఒడ్డున పడవలు బాగుచేసే చోట పనిచేస్తాడు. సెలవు దొరకలేదు. ఊరు చూపించే పని విటోరిన్ మీద పడింది.

“మీ మామయ్య గోజో వెళ్ళాడని చెప్తాను. పక్క దీవే కదా, నమ్ముతుంది” అంది విటోరిన్.

“సెలూను తలుపులు బార్లా తీసి ఉంటాయి. మామయ్య పాట వీధి చివరిదాకా వినబడుతుంది.”

“ఆ వీధికి వెళితే కదా!”

మార్తీస్ మొదటిసారి ఇటు తిరిగింది. “వలెట్టాలో మామయ్య వీధి దాటకుండా ఊరు చూపిస్తావా? అమ్మా, ఆ వీధి ఊరికి అడ్డంగా ఉంది. ఈ చివర సముద్రం, ఆ చివర సముద్రం.”

“చూపిస్తాను. నేనిక్కడే పుట్టాను.”

“నేనూ ఇక్కడే పుట్టాను. ఒక్క మాట విను. మామయ్య రాకపోతే నేను చర్చిలో ఒంటరిగా నడుస్తాను. ఫాదర్‌గారి తమ్ముడొద్దు, పక్కింటి పెద్దాయనొద్దు. చెయ్యి ఖాళీగా ఉంచుకుని నడుస్తాను. వీధి వీధంతా చూడనీ.”

అంత కోపంలోనూ లేచి వచ్చి, తల్లి చేతిలోంచి గొలుసు తీసుకుని కొక్కెం పెట్టింది. పెట్టి మళ్ళీ బాల్కనీలోకి పోయింది.

*

బరాక్కా తోటలో, కింది రేవు నుంచి పైకి వచ్చే లిఫ్టు తలుపు తెరుచుకోగానే మొదట బయటికి వచ్చింది ఒక పెద్ద బూటు. కొండలెక్కేవాళ్ళు వేసుకునే బూటు. వెనకనే మోరాగ్ వచ్చింది. ఎత్తయిన మనిషి. అప్పటికే ముక్కు ఎండకు ఎర్రగా కందిపోయింది. చంకలో ఒక సన్నటి పెట్టె పెట్టుకుంది.

ఒకరినొకరు ఇన్నాళ్ళూ ఫోన్ తెరమీద భుజాల వరకే చూసుకున్నారు. ఇప్పుడు పాదాల వరకూ చూసుకుని ఇద్దరూ నవ్వారు.

“ఫోన్లో ఇంత పొట్టిగా కనబడలేదు వదినగారూ!”

“ఫోన్లో మీరింత పొడుగ్గా కనబడలేదు. మా ఇంటి గుమ్మానికి తల తగులుతుంది, ముందే చెప్తున్నాను. ఆ బూట్లేమిటి? ఇక్కడ కొండలేం లేవే!”

“నడకకు మంచివి” అంది మోరాగ్. “మార్తీస్ ఏది?”

“తలనొప్పి. కాస్త తగ్గగానే వస్తుంది.”

“అన్నయ్యగారు?”

“గోజోలో పనిబడింది” అంది విటోరిన్, రేవు వైపు చూస్తూ. “మధ్యలో వచ్చినా రావచ్చు.”

ఆ చివరి మాట ఎందుకు కలిపిందో ఆవిడకే తెలియలేదు.

మోరాగ్ కమానుల కింద నిలబడి, కింద రేవులో తన ఓడను చూసుకుంది. “నిన్నంతా దానిమీదే ఉన్నాను. లోపలుంటే ఊరంత ఉంది. ఇక్కణ్ణించి చూస్తే సబ్బుబిళ్ళలా ఉంది” అంది. ఆ మాట పూర్తవుతుండగానే కింది గోడమీద మధ్యాహ్నపు ఫిరంగి పేలింది. మోరాగ్ కెవ్వుమని విటోరిన్ చెయ్యి పట్టేసుకుంది.

“రోజూ పేలుస్తారు” అంది విటోరిన్.

“ముందు చెప్పొద్దూ!”

“మాకు వినబడదు వదినగారూ. ఒకరోజు పేలకపోతే ఉలిక్కిపడతాం.”

నవ్వుతూ నడక మొదలుపెట్టారు. పట్టుకున్న చెయ్యి మోరాగ్ వదల్లేదు. వదలమని విటోరిన్ అనలేదు.

మొదటి గంట హాయిగా గడిచింది. మూలనున్న కొట్టు దగ్గర నిలబడే వేడివేడి పస్తిజ్జీలు తిన్నారు. పొరలు రాలి మోరాగ్ గుండెలమీదంతా పడ్డాయి. లోపలి జున్ను నోరు కాల్చింది. గాజుగ్లాసులో పాలపొడి కలిపిన టీ తాగి, “మా ఊళ్ళో ఇలాంటి టీ ఇస్తే కొట్టేస్తాం. ఇక్కడ మాత్రం బాగుంది” అంది మోరాగ్. తమ ఊళ్ళో వాన సంగతి చెప్పింది. ఓడలు కట్టే చోట పనిచేసిన భర్త సంగతి చెప్పింది. ఆయన పోయాక రెండేళ్ళు మంచంలో ఆయన వైపు పడుకోలేదట. మూడో ఏడు చలికాలం, ఆ వైపు కిటికీకి దూరంగా వెచ్చగా ఉంటుందని మారిపోయిందట.

“నేనింకా మారలేదు” అంది విటోరిన్.

“మారండి. పోయినవాళ్ళేమీ అనుకోరు.”

అలాంటి మాట అనే మనిషి దొరికి ఎంతకాలమైందో! విటోరిన్‌కు అబద్ధం సంగతే మరుపున పడింది. చెన్సు వీధి మూల కనబడేసరికి మళ్ళీ గుర్తొచ్చింది.

“ఇటు దిగుదాం” అంది గబుక్కున, ఎడమవైపు మెట్లు చూపించి.

“చర్చి గోపురం నేరుగా కనబడుతోంది కదా?”

“కనబడటానికి దగ్గరే. ఇటు గాలి బాగుంటుంది.”

మెట్లన్నీ దిగారు. కోటగోడ పక్కన సముద్రం ఒడ్డునే నడిచారు. గాలి నిజంగానే బాగుంది. మళ్ళీ మెట్లన్నీ ఎక్కారు. చర్చి చూశాక అంగడి వీధికి వెళ్ళాలన్నా మధ్యలో చెన్సు వీధే అడ్డం. మళ్ళీ దిగారు, మళ్ళీ ఎక్కారు. ఒక తలుపుకు తట్టే పిడి ఇత్తడి చేప ఆకారంలో ఉంది. మోరాగ్ మొదటిసారి దాన్ని చూసి ముచ్చటపడి ఫోటో తీసుకుంది. రెండోసారి దాని తల నిమిరింది. మూడోసారి దాని ముందు ఆగిపోయింది.

“ఈ చేప నాకు చుట్టమైపోయింది వదినగారూ.”

“ఈ ఊళ్ళో ఇత్తడి చేపలు చాలా ఉన్నాయి.”

“ఎడమ కన్ను సొట్టపోయిన చేప ఒక్కటే ఉంటుంది.”

విటోరిన్ చేతిరుమాలు తీసి మెడ తుడుచుకుంది. 

మోరాగ్ నడుం మీద చెయ్యి పెట్టుకుని వీధి ఎగువకు చూసింది. “నా మోకాళ్ళు ఇక దిగవు. ఎక్కవు. అదిగో, ఆ అడ్డవీధిలోంచి వెళితే అటువైపు తేలతాం. అందులో కుర్చీ కూడా ఉంది, చూడండి. ఎర్ర కుర్చీ.”

చెన్సు వీధి అది. చెన్సు కుర్చీ అది. సెలూను బయట, వంతుకోసం కాచుకునేవాళ్ళ కోసం వేసిన కుర్చీ.

“అటు వద్దు” అంది విటోరిన్.

“ఎందుకని?”

 మోరాగ్ ఒక క్షణం ఆగి చూసింది. తరవాత కొండ బూట్లు టకటకలాడించుకుంటూ ఆ వీధిలోకి నడిచి, నిక్షేపంగా వెళ్ళి ఎర్ర కుర్చీలో కూర్చుంది.

విటోరిన్ మూలనే నిలబడిపోయింది. లోపలినుంచి పాట వినబడుతోంది. పాట ఆగింది. తెల్లకోటుతో, చేతిలో దువ్వెనతో చెన్సు గుమ్మంలోకి వచ్చాడు. జుట్టు పలచబడింది. రెండేళ్ళలో ఎవరికైనా పలచబడుతుంది. అయినా విటోరిన్ ఒక అడుగు వెనక్కి వేసి గోడకు ఆనుకుంది.

“ఆడవాళ్ళకు కత్తిరించను తల్లీ. కూర్చోడానికైతే ఎంతసేపైనా కూర్చోండి. మంచినీళ్ళు కావాలా?” అన్నాడు.

“ఇవ్వండి అన్నయ్యగారూ” అంది మోరాగ్. “నేను మోరాగ్‌ని. రోరీ వాళ్ళమ్మను.”

చెన్సు దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. ఆ పేరు వినకుండా ఎలా ఉంటాడు? వీధిలో ప్రతివాడూ చెప్పే ఉంటాడు. మెల్లగా తలెత్తి వీధి మూలకు చూశాడు. అక్కడ చెల్లెలు గోడకు ఆనుకుని, రాతిలో దూరిపోవడానికి చూస్తున్నట్టు నిలబడి ఉంది.

అతను లోపలికి వెళ్ళి రెండు గ్లాసులతో వచ్చాడు. ఒకటి మోరాగ్‌కు ఇచ్చాడు. రెండోది కిటికీ గట్టుమీద పెట్టాడు. అది ఎవరికో చెప్పలేదు.

*

“మీ ఓడలో భోజనం బాగుంటుందా?” అన్నాడు చెన్సు.

“మీరు గోజోలో ఉన్నారని విన్నాను” అంది మోరాగ్.

చెన్సుకు నవ్వాగలేదు. ఆపుకోవడానికి మీసం నొక్కుకున్నాడు. “ఆ మాట చెప్పినావిడతో చెప్పండి, పడవెక్కి ఏడేళ్ళయిందని.”

మోరాగ్ మూలవైపు తిరిగి, “పడవెక్కి ఏడేళ్ళయిందట” అని గట్టిగా చెప్పింది.

విటోరిన్ మూడడుగులు ముందుకు వేసింది. ఇక మూలన నిలబడి లాభం లేదు. మరో మూడడుగులు వేసింది. గట్టుమీది గ్లాసు ముట్టుకోలేదు.

“మీకు ముందే తెలుసా?” అంది మోరాగ్‌తో.

“నిన్న రాత్రే పిల్ల ఫోన్ చేసి చెప్పింది. ‘మా అమ్మ మిమ్మల్ని మెట్లెక్కించి చంపుతుంది, గట్టి బూట్లు వేసుకోండి’ అంది.”

“తెలిసి కూడా నా వెంట అన్నిసార్లు దిగి ఎక్కారా?”

“ఊరు చూద్దామనే వచ్చాను కదా” అంది మోరాగ్. “బాగా చూపించారు. ఒక్క వీధే మిగిలింది.”

విటోరిన్ ముఖం కందింది. కోపం రావలసిన చోట సిగ్గు వచ్చింది. దాని వెనకనే, ఎందుకో, బరువు దించినట్టయింది.

“ఆయనతో చెప్పండి” అంది, అన్న వైపు చూడకుండా, “పిల్ల పెళ్ళి సెప్టెంబరులో అని.”

“ఆవిడతో చెప్పండి, నాకు చెవులున్నాయని. ఆ కబురు నాకు కూరలమ్మే మనిషి చెప్పింది. మేనకోడలి పెళ్ళి కూరలమ్మే మనిషి చెప్పాలా అని అడగండి.”

“కూరలమ్మే—” అనబోయింది మోరాగ్.

“విన్నాను వదినగారూ” అంది విటోరిన్. “ ఆయన్ను అడగండి, బావ పోయినప్పుడు చర్చిలో చివరి స్తంభం పక్కన నిలబడి, ఒక్క మాటైనా పలకరించకుండా పోయినవాడికి ఏ ముఖంతో కబురు పెట్టాలో.”

“నన్ను చూసి తల తిప్పుకున్నదెవరో ఆవిడనే చెప్పమనండి.”

మోరాగ్ ఇటు తిరిగి, అటు తిరిగి, చివరికి నీళ్ళు గటగటా తాగేసింది. “నేనేమన్నా తపాలా పెట్టెనా? ఇద్దరి మధ్యా మూడు మూరలు లేవు.”

ఎవరూ నవ్వలేదు. ఎదురింటి పైఅంతస్తులో ఒక కిటికీ రెక్క కాస్త తెరుచుకుంది. ఎవరో వింటున్నారు. వినకపోతే అది వలెట్టాయే కాదు.

మోరాగ్ చంకలోని పెట్టె తీసి చెన్సుకు అందించింది. “మా ఇంటివాళ్ళ గళ్ళ టై. పెళ్ళిరోజు పిల్లను నడిపించేవాళ్ళు కట్టుకోవాలని తెచ్చాను. మీరు కట్టుకున్నా సరే, కట్టుకోకపోయినా సరే, దీన్ని మళ్ళీ ఓడమీద మోసుకుపోను.”

చెన్సు పెట్టె తీసుకున్నాడు. తెరవలేదు. వేళ్ళతో దాని అంచులు తడిమాడు.

“ఆవిడతో చెప్పండి” అన్నాడు చివరికి. “పిల్ల చెయ్యి పట్టుకోవడానికి నాకు టైలు ఇవ్వక్కర్లేదు. ఆ పిల్ల మొదటి పన్ను ఊడింది ఈ కుర్చీలోనే. వస్తాను. కానీ పెళ్ళిరోజు అమ్మ ఎర్రపట్టు నా బాల్కనీకి వేలాడాలి. పై చర్చి వైపు. అమ్మ ఎక్కడ వేలాడదీసేదో అక్కడ.”

వచ్చేసింది ఆ మాట. రెండేళ్ళుగా ఇద్దరి మధ్యా అడ్డంగా ఉన్నది ఆ ఎర్రపట్టే.

“ఎర్రపట్టు ఏమిటి?” అని మోరాగ్ మెల్లగా అడిగింది.

“తిరునాళ్ళకు బాల్కనీకి వేలాడదీసే పట్టు” అన్నాడు చెన్సు. “బంగారు జరీ అంచు. మా అమ్మమ్మనాటిది. మా వాళ్ళంతా మొక్కే పై చర్చి పునీతుడి ఊరేగింపుకు తప్ప అమ్మ దాన్ని బయటికి తీసేది కాదు. అమ్మ పోయాక ఈవిడ దగ్గరుంది. రెండేళ్ళ కిందట కింది చర్చి ఊరేగింపుకు, వాళ్ళాయన చర్చికి, తీసి వేలాడదీసింది. నేను వీధిలో ఉన్నాను. నా కళ్ళతో చూశాను.”

“చూసి కేక వేశాడు” అంది విటోరిన్. “బ్యాండు ఆగిన చోట, ఊరంతా నిలబడ్డ చోట. ‘అమ్మ పట్టు పరాయి పునీతుడికి పరిచావా’ అని. ఈయన గొంతు మీకింకా తెలీదు వదినగారూ. రేవు అవతలికి వినబడుతుంది.”

“ఎందుకు పరిచారు మరి?” అంది మోరాగ్.

ఇంత సూటిగా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అన్న అడగలేదు. వీధి అడగలేదు. అందరూ చూసింది పట్టునే. విటోరిన్ కిటికీ గట్టుమీది గ్లాసు అందుకుంది. కాస్త తాగింది.

“ఆయనతో చెప్పండి” అంది. గొంతు బాగా తగ్గిపోయింది. “ఆ పట్టు పునీతుడి కోసం పరచలేదు. మా ఆయన సాల్వు ఇరవయ్యేళ్ళు ఆ విగ్రహాన్ని భుజంమీద మోశాడు. మోసిమోసి కుడి భుజంమీద బన్నురొట్టెంత కాయ కాచింది. ఆ ఏడు మంచం మీద ఉన్నాడు. తోటివాళ్ళు ముందురోజు వచ్చి చెప్పారు, మీ బాల్కనీ కింద ఆపుతాం, విగ్రహాన్ని నీ వైపు తిప్పుతాం అని. సాల్వు నాతో ఏమన్నాడో తెలుసా? ‘మన బాల్కనీ బోడిగా ఉంటే నాకు చిన్నతనంగా ఉంటుంది విటోరిన్’ అన్నాడు. మా ఇంట్లో ఉన్న పట్టు అదొక్కటే. పరిచాను. మంచాన్ని కిటికీ దగ్గరికి లాగాను. బ్యాండు ఆగింది. విగ్రహం ఇటు తిరిగింది.”

ఆ తరవాత ఏమైందో చెప్పనక్కర్లేకపోయింది. రెండేళ్ళ కిందటి ఆ కేక వీధిలోంచి వచ్చింది సరిగ్గా ఆ క్షణంలోనే.

చెన్సు చేతిలో పెట్టె కదలడం లేదు.   తిరిగి లోపలికి వెళ్ళిపోయాడు. గుమ్మానికున్న పూసల తెర గలగలమని ఊగి, నెమ్మదిగా ఆగిపోయింది.

రేవువైపు నుంచి ఓడ కూత వేసింది. ఎక్కాల్సినవాళ్ళు రావాలని మొదటి కూత.

“పదండి” అంది విటోరిన్, గ్లాసు గట్టుమీద పెట్టి. “మిమ్మల్ని వదిలి ఓడ వెళ్ళిపోతే, మీరు విమానమెక్కాలి.”

*

ఈసారి నేరుగా నడిచారు. వీధి మధ్యలోంచి, ఎవరినీ తప్పించకుండా. ఇంత దగ్గర దారా అని మోరాగ్ అనలేదు. ఆవిడ మంచితనం అది.

కాసేపటికి వెనకనుంచి అడుగుల చప్పుడు వినబడింది. విటోరిన్‌కు ఆ నడక తెలుసు. కుడికాలు కాస్త ఈడ్చే నడక. తల తిప్పలేదు. మోరాగ్ తిప్పింది.

“సెలూను మూసేసి వస్తున్నారు. కోటు కూడా విప్పలేదు” అంది లోగొంతుతో.

“రానివ్వండి. వీధి అందరిదీ.”

లిఫ్టులో ముగ్గురూ నిలబడ్డారు. మోరాగ్ మధ్యలో, వాళ్ళిద్దరూ చెరోపక్క. చెన్సు చంకలో పెట్టె ఉంది. అది తెరిచాడో లేదో తెలియలేదు. లిఫ్టు దిగుతున్నంతసేపూ అతను తలుపు సందులోకే చూశాడు.

కింద లిఫ్టు దగ్గర మార్తీస్ ఉంది. తలనొప్పి ఆనవాలు ఎక్కడా లేదు. చేతిలో తేనె కడియాల మిఠాయి పొట్లం ఉంది. అత్తగారిని చూడగానే పరుగెత్తుకొచ్చి కౌగిలించుకుంది. ఆవిడ భుజం మీదుగా మామయ్యను చూసింది, తల్లిని చూసింది. ఇద్దరి మధ్యా ఉన్న ఖాళీని కూడా చూసింది. ఏమైంది అన్నట్టు కళ్ళెగరేసింది. విటోరిన్ తెలియదన్నట్టు పెదవి విరిచింది.

“ఎదిగావే” అన్నాడు చెన్సు మేనకోడలితో.

“రెండేళ్ళు మామయ్యా. ఎదగనా?”

అతను చెయ్యెత్తి ఆ పిల్ల జుట్టు కొసలు వేళ్ళతో పట్టుకుని చూశాడు. “ఎవరు కత్తిరించారు? వంకరగా ఉంది” అన్నాడు. మార్తీస్ నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది.

మోరాగ్ విటోరిన్ రెండు బుగ్గలమీదా ముద్దుపెట్టుకుంది. “సెప్టెంబరులో మళ్ళీ వస్తాను. అప్పుడు సగం మెట్లే చూపించండి” అంది. మార్తీస్ ఆవిడ సంచీ అందుకుని, రోరీ పని దిగి అటే వస్తాడని చెప్పి, రేవు గేటు వరకూ వెంట వెళ్ళింది. కొండ బూట్లు ఓడవైపు టకటకమని వెళ్ళిపోయాయి.

ఇక్కడ అన్నాచెల్లెళ్ళిద్దరే మిగిలారు. ఒకరి మాట ఇంకొకరికి చేర్చే మనిషి లేదు.

గోడనీడలో టాక్సీవాడొకడు కునుకు తీస్తున్నాడు. విటోరిన్ లేని దుమ్మును చేతిసంచీ మీదనుంచి దులిపింది. చెన్సు గొంతు సవరించుకున్నాడు. అంత పెద్ద గొంతు, సవరించుకోవడానికే చాలాసేపు పట్టింది.

“మెట్లా, లిఫ్టా?” అన్నాడు.

ఆవిడతో చెప్పండి, అడగండి, అనలేదు. ఆమెనే అడిగాడు.

లిఫ్టయితే కన్నుమూసి తెరిచేలోగా పైకి చేరతారు. మధ్యాహ్నం నుంచీ ఎక్కి దిగిన కాళ్ళు విటోరిన్‌కు లిఫ్టు అనమనే చెప్పాయి.

“మెట్లే” అంది.

కోటగోడ వెంట ఎక్కుతున్నారు. అతను గోడవైపు, ఆమె సముద్రంవైపు. చిన్నప్పుడు కూడా అంతే, ఆమెను గోడవైపు నడవనిచ్చేవాడు కాదు. గోడవైపు నీడ ఉంటుందని పోట్లాడి తీసుకునేవాడు.  రెండో మలుపు దగ్గర ఓడ మళ్ళీ కూత వేసింది. చెన్సు ఆగాడు.

“విటోరిన్.”

ఆమె కూడా ఆగింది.

“ఆ రోజు... సాల్వు.” పెట్టె ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. “నా కేక వినబడిందా వాడికి?”

కింద రేవులో సబ్బుబిళ్ళంత ఓడ గట్టునుంచి మెల్లగా విడివడుతోంది. దానికీ గట్టుకూ మధ్య నీళ్ళు సన్నని గీతలా మొదలై వెడల్పవుతున్నాయి. ఆ ప్రశ్నకు జవాబు ఈ లోకంలో విటోరిన్ ఒక్కదానికే తెలుసు. కూతురికి కూడా చెప్పలేదు. ఇదిగో చెప్తున్నానని నోటిదాకా తెచ్చుకున్న రోజులున్నాయి. ఎవరికీ చెప్పకుండా తనతోనే పోనిద్దామనుకున్న రోజులూ ఉన్నాయి.

ఆమె అన్న ముఖంలోకి చూసింది. రెండేళ్ళ తరవాత నేరుగా చూసింది. పలచబడ్డ జుట్టు గాలికి లేస్తోంది. తెల్లకోటు భుజంమీద ఎవరిదో వెంట్రుక అంటుకుని ఉంది. చెయ్యి చాచి అది తీసేసింది.

తరవాత మెట్టుమీద చతికిలబడి, గోడపక్క నీడ ఉన్న చోటు అరచేత్తో తుడిచింది.

“ఇలా కూర్చో అన్నయ్యా” అంది. “చెప్తాను.”